ఎడమ చెంప నీలం

దుగ్గిరాల అనగానే ఎవరికైనా పసుపు గుర్తుకొస్తుంది. మా మార్కెట్ యార్డు అలాంటిది. నా చిన్నతనంలో సీజను రోజుల్లో రైలు దిగి ఊళ్ళోకి నడుస్తుంటే బస్తాలు, కాటాలు, హమాలీల బనీన్లు, టీకొట్టు బల్లలు, ఆఖరికి టీ గ్లాసుల అంచులు కూడా పచ్చగానే కనిపించేవి. అలాంటి ఊళ్ళో పుట్టి, నేను తగిలించుకున్న వ్యసనం మాత్రం రంగన్నదే లేని తెలుపు నలుపు ఫొటోలు. మా నాన్నగారు పసుపు కొట్లో గుమాస్తా. "ఊరంతా పచ్చగా ఉంటే నీ ఫొటోల్లో అంతా బూడిదేంట్రా" అనేవారు.

పాత విద్యార్థిగా సావనీరుకి నాలుగు మాటలు రాయమని విద్యార్థి సంఘం మిత్రులు అడిగారు. కాలేజీ రోజుల గురించి రాసేవాళ్ళు చాలామంది ఉంటారు. హాస్టలు సాంబారు మీద ఏటా ఒక వ్యాసం వస్తూనే ఉంటుంది. నేను రోజులు వదిలేసి రాత్రుల సంగతి రాస్తాను. 1979 నుంచి ఆరేడేళ్ళపాటు దుగ్గిరాల, తెనాలి, రేపల్లె, బాపట్ల చుట్టుపట్ల ఎక్కడ పద్యనాటకం పడినా నేను స్టేజీకి ఎడం పక్కన, హార్మోనియం వాయించేవారి వెనక, కెమేరా పట్టుకుని ఉండేవాణ్ణి.

మా ప్రాంతానికి నాటకం కొత్త కాదు. బాపట్లలో 1902లో పుట్టి, తెనాలి రామవిలాస సభ నాటకాలతో ఆంధ్రదేశమంతా తెలిసిన స్థానం నరసింహారావుగారు స్త్రీ పాత్రలకు పెట్టింది పేరు. 1956లో పద్మశ్రీ అందుకున్నారు. 1971లో పోయారు. ఆయన్ని నేను రంగస్థలం మీద చూడలేదు, ఫొటోల్లో చూశాను. ఈలపాట రఘురామయ్యగారిది మా జిల్లాలోనే సుద్దపల్లి. ఆయన కృష్ణుణ్ణి మాత్రం చిన్నప్పుడు మా నాన్నగారి భుజాల మీద కూర్చుని చూశాను. వేలు నోట్లో పెట్టి పద్యాన్ని ఈలగా వేస్తుంటే జనం ఊపిరి బిగబట్టుకుని వినేవారు. 1975లో ఆయన పోయేనాటికి నా చేతికి కెమేరా రాలేదు. వచ్చి ఉన్నా ఏం లాభం? ఈలని ఫొటో తియ్యలేం కదా. నోట్లో వేలు పెట్టుకున్న కృష్ణుణ్ణి చూసి, సంగతి తెలియనివాడు ఏమనుకుంటాడో మీరే ఊహించండి.

స్థానం వారి తరం నాటి స్టూడియో ఫొటోలు చూసేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఆ కాలపు ప్లేట్లు చాలావాటికి ఎరుపు కనపడదు. ఎర్ర పట్టుచీర కట్టుకుని ఎదురుగా నిలబడితే నల్లచీరలాగా పడుతుంది. తాంబూలం వేసుకున్న పెదవులు నల్లబడిపోతాయి. కాబట్టి పాత ఫొటోలో ఏ సత్యభామో నల్లచీరతో కనిపిస్తే, నలుపేనని సంతకం పెట్టెయ్యకూడదు. తర్వాత వచ్చిన పాంక్రొమాటిక్ ఫిల్ములకి అన్ని రంగులూ తెలుసు. తెలుసుగాని చెప్పవు.

నా కెమేరా యాషికా మ్యాట్. తెనాలిలో ఒక స్టూడియో ఆయన కొత్తది కొనుక్కుంటూ పాతది నాకు వాయిదాల మీద ఇచ్చాడు. పైనుంచి లోపలికి తొంగిచూస్తే చదరపు అద్దంలో బొమ్మ కనపడుతుంది, కుడి ఎడమలు తారుమారై. కృష్ణుడు కుడికి నడిస్తే అద్దంలో ఎడమకి పోతాడు. అలవాటు కావడానికి నాకు రెండు తిరునాళ్ళు పట్టింది.

ఫిల్ము సంగతి మరీ కష్టం. ఊటీలో 1960లో మొదలైన ప్రభుత్వ కంపెనీ, హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వారి 'ఇందు' ఫిల్ము దొరికేది. ఇప్పుడు ఆ ఫ్యాక్టరీ లేదు, మూతపడింది. పగటి పనికి దాంతో ఇబ్బంది లేదు. రాత్రి నాటకానికి మాత్రం తూర్పు జర్మనీ నుంచి వచ్చే ఓర్వో ఎన్.పి. 27 కావాలి. దాని వేగం 400. ఒక రోలుకి పన్నెండు బొమ్మలు. నాటకం రాత్రి పదింటికి మొదలై తెల్లారేదాకా నడుస్తుంది. నా దగ్గర ఉండేది ఒకటే రోలు. ఆ పన్నెండింటినీ ఏడెనిమిది గంటల మీద పరచాలి. ఈనాటి సెల్‌ఫోన్ వీరులు ఒక పద్యం పూర్తయ్యేలోపు వంద తీస్తారు. వాళ్ళని తప్పు పట్టను. నా దగ్గర ఉన్నా తీసేవాణ్ణే.

లైటు చాలేది కాదు. వెనక తెర దగ్గర రెండు ట్యూబులైట్లు, ముందు రెండువందల క్యాండిల్ బల్బులు నాలుగు. లెన్సు పూర్తిగా తెరిచి, పావు క్షణమో, పదిహేనో వంతు క్షణమో షట్టరు తెరిచి ఉంచితేగాని ఫిల్ము మీద ఏమీ పడదు. అంతసేపు నటుడు కదలకుండా ఉండాలి. ఫ్లాష్ వాడొచ్చు కదా అంటారు. ఒకసారి ఎవరో వాడితే హార్మోనిస్టుగారు వాయింపు ఆపి, "ఆ మెరుపు ఆగితే పద్యం చెప్పుకుంటాం" అన్నారు. పైగా ఫ్లాషులో తెరకున్న మాసికలన్నీ పడతాయి, కిరీటం అట్టముక్కని తెలిసిపోతుంది.

అయితే పద్యనాటకంలోనే ఫొటోగ్రాఫరుకి ఒక సాయం ఉంది. పద్యం చివర రాగం. నటుడు ఆఖరి పాదం అందుకుని, చెయ్యి ఒకచోట నిలిపి, కళ్ళు పైకెత్తి రాగం తీస్తాడు. అది పది క్షణాలు సాగొచ్చు, అరనిమిషం సాగొచ్చు. ఆ కాసేపు ఒంట్లో గొంతు తప్ప ఏదీ కదలదు. అప్పుడు నొక్కాలి. ఆ అదను తప్పితే జనం ఉన్నారు, 'వన్స్ మోర్' అని అరవడానికి. వన్స్ మోర్ అన్నారంటే అదే పద్యం, అదే చెయ్యి, అదే చోట. మొదటిసారి ఫోకసు చూసుకుని, రెండోసారికి బొమ్మ తీసేవాణ్ణి. మా ఊరి రసికులు నా ఫొటోలకి చేసిన సేవ అంతా ఇంతా కాదు. ఎటొచ్చీ మైకు ఒకటి అడ్డం. ముగ్గురు నటులకి కలిపి ఒకే మైకు. ఎంత మంచి రాగానికైనా నోటి ముందు ఒక నల్లటి ఉండ.

కాటిసీను మాటే వేరు. బలిజేపల్లివారి హరిశ్చంద్ర నాటకంలో ఆ సీనుకి లైట్లు చాలామటుకు ఆర్పేసేవారు. జాషువాగారి శ్మశాన పద్యాలు కూడా అందులోనే చేర్చి పాడేవారు. నల్లకంబళి, బూడిద పూసిన ఒళ్ళు, ఒక్క బల్బు. రంగుతో పనే లేదు. అది తెలుపు నలుపు కోసమే పుట్టిన సీను. మా చుట్టుపట్ల ఫొటోలు తీసిన ప్రతివాడి దగ్గరా ఒక మంచి కాటిసీను ఫొటో ఉంటుంది. అంచేత దాన్ని గొప్పగా చెప్పుకోను.

తిప్పలు పెట్టింది కృష్ణుడు.

తిరుపతి వెంకట కవుల పాండవోద్యోగ విజయాలు కాంట్రాక్టు మీద ఆడేటప్పుడు ఒకే రాత్రి ముగ్గురు కృష్ణులు ఉండేవారు. పడకసీనుకి ఒకరు, రాయబారానికి ఇంకొకరు, యుద్ధానికి మరొకరు. కరపత్రంలో 'ఒకటవ కృష్ణుడు', 'రెండవ కృష్ణుడు', 'మూడవ కృష్ణుడు' అని పేర్లు వేసేవారు. కొత్తగా వచ్చిన అధ్యాపకులొకరు మా ఊళ్ళో అది చూసి, "ఇదేం భాగవతమయ్యా" అని నవ్వారు. తెల్లవారుజామున ఒక్కో కృష్ణుడికి ఒక్కో పార్టీ వన్స్ మోర్ కొడుతుంటే ఆయనా నవ్వడం మానేసి ఒక పార్టీలో చేరారు. ఆ ముగ్గురివీ మూడు నీలాలు. ఎవరి రంగు వారే కలుపుకునేవారు. సఫేదాలో నీలం ఎంత పడాలన్నది ఒక్కొక్కరి లెక్క.

ఇక్కడ ఫిల్ము చేసే పని వినండి. బల్బు వెలుతురు పసుపు, అందులో నీలం పాలు తక్కువ. అందువల్ల రాత్రిపూట బల్బుల కింద నీలం మొహం ఫిల్ము మీద నల్లగా పడుతుంది. అదే మొహం తెల్లవారాక బయటి వెలుగులో తీస్తే తేలిపోయి లేత బూడిదగా వస్తుంది. రంగు అదే, మనిషి అదే, రెండు గంటల తేడాలో నల్లనయ్య తెల్లబడతాడు. పగటిపూట నీలాన్ని నల్లబరచడానికి లెన్సు ముందు పసుపు ఫిల్టరు పెట్టమని పుస్తకంలో ఉంది. దుగ్గిరాలలో ఉండి పసుపు కోసం మద్రాసుకి డబ్బు కట్టడమేమిటని నేను కొనలేదు.

మా మూడో కృష్ణుడు పక్క ఊరాయన. పేరు రాయను, ఎందుకన్నది తర్వాత చెప్తాను. వృత్తి మిషను కుట్టడం. తన ఉత్తరీయాలూ, నడికట్లూ తనే కుట్టుకునేవాడు. నేను బాబాయ్ అని పిలిచేవాణ్ణి. తెల్లవారుజామున మూడింటికి, సగం జనం కునికిపాట్లు పడే వేళ ఆయన వంతు వచ్చేది. నిద్రపోతున్నవాళ్ళని లేపే పద్యం చెప్పాలి. చెప్పేవాడు.

1981లో ఆయన రాగం తీస్తుండగా నేనొక ఫొటో తీశాను. పక్కనుంచి, సగం మొహం చీకట్లో, మెడ మీద నరం తేలి, చెమట గీతలు రంగులోంచి కిందికి దిగి. కాలేజీలో చూపిస్తే అందరూ మెచ్చుకున్నారు. ఆయనకి చూపించాను. చాలాసేపు చూసి, "బాగుందబ్బాయ్. కానీ ఇది నాకు అన్నం పెట్టదు" అన్నాడు.

"అదేంటి బాబాయ్?"

"కరపత్రం ఏ కాయితం మీద కొడతారు? గులాబీ రంగుదో, పచ్చదో, నాసిరకం కాయితం. దీన్ని బ్లాకు చేయిస్తే ఈ నీడలన్నీ చుక్కలు చుక్కలై ముద్దయిపోతయ్. కిరీటం తెలవాల, కళ్ళు తెలవాల, ఎనకమాల తెల్లగా ఉండాల. కాంట్రాక్టరు ఆ బొమ్మ చూసే గదా బేరం చెప్పేది. చెమట చూసి ఎవుడిస్తాడు డబ్బులు?"

జింకు బ్లాకు మీద ముద్రణ ఎలా వస్తుందో ఆయనకి నాకన్నా బాగా తెలుసు. మర్నాడే స్కూలు వరండాలో ఇద్దరు కుర్రాళ్ళు తెల్ల పంచె పట్టుకుంటే, దాని ముందు ఆయన్ని అభయహస్తంతో నిలబెట్టి తీశాను. ఆ ఫొటో బ్లాకై, గుంటూరు, కృష్ణా జిల్లాల్లో గోడలకీ చెట్లకీ అంటుకుని ఎన్నేళ్ళు తిరిగిందో. నేను తీసినవాటిలో ఎక్కువమంది చూసింది అదే. కింద నా పేరు లేదు, ఉండాలని నాకూ అనిపించలేదు.

1982 శ్రీరామనవమి పందిట్లో నాటకం. తెల్లవారింది. ఆయన స్టేజీ వెనక ట్రంకుపెట్టె మీద కూర్చుని కొబ్బరినూనె, గుడ్డపేలిక పెట్టుకుని రంగు తుడుచుకుంటున్నాడు. కుడి చెంప అయింది. ఎవరో టీ తెచ్చి ఇచ్చారు. గ్లాసు అందుకుని, అలసటగా నా వంక చూసి, "ఎన్ని మిగిలినయ్?" అన్నాడు.

"ఒకటి బాబాయ్."

"ఇంటికి తీసుకుపోయి ఏం చేసుకుంటావ్? కానీ, తియ్యి. అయితే ఒక మాట. ఇది ఎక్కడా వెయ్యగాకు. పత్రికలో గానీ, గోడ మీద గానీ. సగం మొహం కృష్ణుణ్ణి జనం చూడకూడదు."

సరేనన్నాను. పన్నెండో బొమ్మ అయిపోయింది.

ఆ ఫిల్ము కడగడం నాకింకా గుర్తు. మందు 20 డిగ్రీలుండాలని పుస్తకం అంటుంది. ఏప్రిల్లో మా ఇంట్లో నీళ్ళ తొట్టే 32 ఉండేది. అంత వేడిలో ఫిల్ము మీది జిగురు మెత్తబడి పొర చిట్లుతుంది. అందుకని కుండనీళ్ళు, సోడాకొట్టు ఐసుముక్క కలిపి, చల్లబరిచిన గిన్నెలో డబ్బా దించి కూర్చునేవాణ్ణి. ఆరేయడం ఇంకో యాతన. పసుపు ఆడించే రోజుల్లో గాలి నిండా ధూళి. నెగటివు మీద వాలిన ప్రతి నలుసూ ప్రింటులో తెల్ల చుక్క అవుతుంది. సన్న కుంచెతో ఒక్కొక్కటీ పూడ్చుకోవాలి. ఈ ఫిల్ముకి మాత్రం ఎందుకో నలుసు పడలేదు. నెగటివు చూసి కవర్లో పెట్టేశాను. మాట ఇచ్చాను కాబట్టి ప్రింటు వెయ్యలేదు.

తర్వాత రోజులు మారాయి. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడలతో దేశంలోకి రంగుల టీవీ వచ్చింది, దాని వెనక వీడియో వచ్చింది. తిరునాళ్ళలో నాటకం పందిరి పక్కనే వీడియో పందిరి లేచింది. ముగ్గురు కృష్ణులున్న చోట ఇద్దరయ్యారు. మూడు జామున పద్యం వినే జనమూ తగ్గారు. పూర్తిగా పోయిందని నేననను, ఇప్పటికీ మా వైపు పద్యనాటకాలు పడుతూనే ఉన్నాయి. నాకు ఉద్యోగం వచ్చి ఊరు వదిలాను. బాబాయి మిషను కుట్టుకుంటూ, పిలిచినప్పుడు రంగు వేసుకుంటూ ఉండేవాడు.

1991లో ఆయన పోయాడు. కబురు తెలిసి వెళ్ళాను. పెద్ద దినం నాటికి ఫొటో కావాలి. ఆయనది మామూలు ఫొటో ఒక్కటీ లేదు. పెళ్ళికి ఫొటో తీయించుకునే స్తోమతు లేదు. ఓటరు కార్డు మీద ఫొటో వచ్చింది 1993లో, అప్పటికి ఇంకా రాలేదు. ఇంట్లో ఉన్నవన్నీ కిరీటం ఫొటోలే. పెద్దబ్బాయి అదే పెడదామన్నాడు. "ఊరందరికీ నాన్న అట్టాగే తెలుసు గదా" అన్నాడు. అదీ న్యాయమే.

పిన్ని ఒప్పుకోలేదు. "కృష్ణుడికి దండేసి దీపం పెడితే అది పూజవుద్ది గాని, పోయిన మడిసికి పెట్టినట్టవుద్దా?" అంది. తర్వాత నా వైపు తిరిగి, "అబ్బాయ్, ఇన్ని ఫొటోలు తీశావు. రంగు లేకండా ఒక్కటీ తియ్యలేదా?" అని అడిగింది.

నా దగ్గర ఒకటుందని చెప్పాను. ఆయన నా దగ్గర తీసుకున్న మాట కూడా చెప్పాను. చెప్పకుండా ప్రింటు ఇచ్చేసి ఉండొచ్చు, కానీ అది ఆవిడ తేల్చాల్సిన విషయం అనిపించింది. పిన్ని కాసేపు ఆలోచించి, "పత్రికలో వెయ్యొద్దన్నాడు, గోడ మీద వెయ్యొద్దన్నాడు. జనం చూడకూడదన్నాడు. నేను జనం గాదుగా?" అంది.

ఆ రాత్రి తెనాలి స్టూడియోలో ఎన్లార్జరు అడిగి తీసుకున్నాను. మందు తొట్టెలో కాయితం మీద మొహం మెల్లగా తేలింది. నేను కళ్ళు చికిలించి చూశాను. నీలం ఎక్కడ? బూడిద రంగులో రెండు చెంపలూ ఒకటై పోయాయి. తెల్లవారిన వెలుగులో నీలం తేలిపోయి, ఆయన ఒంటి చామనఛాయకి సరిగ్గా సరిపోయింది. ముక్కు పక్కన వెంట్రుకవాసి గీత, చెవి దగ్గర ఒక మరక, ఎడమ కంటికి మిగిలిన కాటుక. అంతే. ఎర్ర దీపం కింద టీ గ్లాసు పట్టుకుని ఒక దర్జీ నా వంక చూస్తున్నాడు. ఇంకా గట్టి కాయితం మీద మరొకటి వేసి చూశాను. అందులోనూ తేడా తెలియలేదు.

పిన్ని ఫొటో తీసుకుని దీపం దగ్గరికి జరిగింది. "ఇందులో రంగేది?" అని అడిగింది. ఎడమ చెంప మీద ఉందని చెప్పాను. ఆవిడ ఆ చెంప మీద వేలు పెట్టి, "ఇటేపా?" అని మాత్రం అంది. ఫొటో లోపలి గదిలో, ఆయన మిషను ఉండే చోట పెట్టారు. వీధి గది గోడకి కిరీటం ఫొటో తగిలించారు. పెద్దబ్బాయి మాటా దక్కింది.

ఈ వ్యాసంతోపాటు ఆ ఫొటో వెయ్యడానికి ఇమ్మని సావనీర్ సంపాదకుడు రెండుసార్లు ఫోన్ చేశాడు. కుదరదన్నాను. ఆయన పేరు రాయకపోవడానికీ కారణం అదే. పేరుంటే ఫొటో వెతుక్కుంటూ వెళ్ళేవాళ్ళుంటారు.

పోయిన ఏడు వాళ్ళ మనవరాలు ఫోన్ చేసింది. ఇంజనీరింగు చదువుతోంది. తాతయ్య ఫొటోకి కంప్యూటర్లో రంగులు వేయించానని పంపింది. చూశాను. కళ్ళు, టీ గ్లాసు, ట్రంకుపెట్టె తుప్పు, అన్నిటికీ రంగులు వచ్చాయి. మొహమంతా చక్కటి చామనఛాయ. రెండు చెంపలూనూ. మరి యంత్రానికేం తెలుసు? మనిషి మొహం కనబడింది, మనిషి రంగు వేసింది.

"అమ్మాయ్, ఎడమ చెంప నీలం" అన్నాను.

"ఏ నీలం తాతయ్యా?" అంది.

చెప్పడం కష్టమైంది. ఆకాశం కాదు, సిరా కాదు. నీలిమందు ఎక్కువైన పంచె ఎండలో ఆరేస్తే కనపడే నీలం. ఆ పిల్ల అది ఎప్పుడూ చూడలేదు. ఇంటికొచ్చి నా పక్కన కూర్చుని, తెర మీద ఒక్కొక్క నీలం పెట్టి చూపించింది. పదకొండో పన్నెండో దగ్గర ఆపమన్నాను. ఆ కాపీ వాళ్ళింట్లోనే ఉంది.

ఈమధ్య నెగటివుల పెట్టె తెరిస్తే పులిసిన వాసన వస్తోంది. ఆ కాలపు ఫిల్ముకి వాడిన అసిటేటు తేమకి విరిగి వినిగరు వాసన పుట్టడం ప్రపంచమంతటా ఉన్నదే. మన కృష్ణా డెల్టా తేమలో ఇంకాస్త తొందరగా వస్తుంది. కొన్ని ఫిల్ములు అంచుల్లో చుట్టుకుపోయాయి. అందుకని రోజుకి నాలుగు కవర్లు తీసి, లోపలి బొమ్మలు స్కాను చేయించి, కవరు మీద రంగులు రాస్తున్నాను: ఎవరి ఉత్తరీయం ఏ రంగు, ఎవరి నీలం ఎంత నీలం. అద్దంలో కుడి ఎడమలు తారుమారు కాబట్టి 'ఆయన ఎడమ' అని విడమరిచి రాస్తున్నాను. నిన్నటికి 1983 శివరాత్రి దాకా వచ్చాను. ఆ రాత్రి రెండో కృష్ణుడి నడికట్టు ఎరుపో ఆకుపచ్చో ఎంత ఆలోచించినా తేలడం లేదు. ఆనాడు హార్మోనియం వాయించినాయన తెనాలిలో కూతురింట్లో ఉన్నారట. ఆదివారం వెళ్ళి అడగాలి.